పాయిజన్ ఐవీ దద్దుర్లు: ఇంటి వైద్యం ఎంతవరకు, డాక్టరు ఎప్పుడు?

కేరీ_పెరడు:
సభ్యులందరికీ నమస్కారం. మేము నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాము. గుంటూరు నుంచి మొదటిసారి అమెరికా వచ్చిన మా నాన్నగారు శనివారం ఉదయం పెరటి కంచె వెంబడి అల్లుకున్న తీగలను ఒట్టి చేతులతో పీకి పోగు పెట్టారు. సోమవారానికి రెండు ముంజేతుల మీదా వాతలు పెట్టినట్టు పొడుగాటి ఎర్రని చారలు లేచి, వాటి వెంట నీటి పొక్కులు వచ్చాయి. ఈ రోజు మెడ మీద, కడుపు మీద కూడా కనిపిస్తున్నాయి. రాత్రి దురదతో నిద్ర లేదు. పక్కింటివారు తీగను చూసి పాయిజన్ ఐవీ అని చెప్పారు. మా అమ్మగారు వేపాకు నూరి, పసుపు కలిపి పట్టు వేద్దామంటున్నారు. నాన్నగారికి అరవై ఎనిమిదేళ్ళు, మధుమేహం ఉంది, ఉన్నది ప్రయాణికుల బీమా మాత్రమే. ఇంట్లోనే నయం చేసుకోగలిగిన వ్యాధేనా ఇది? పొక్కులు చితికి కారే నీరు తగిలితే ఇంట్లో పిల్లలకు అంటుకుంటుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మందులషాపు_షార్లట్:
నేను ఫార్మసిస్టును. వేసవి వచ్చిందంటే మా కౌంటరు దగ్గర రోజూ ఎవరో ఒకరు ఇదే ప్రశ్నతో నిలబడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ముందుగా అత్యవసరమైన మాట: ముఖం వాచినా, కన్ను మూసుకుపోయినా, మర్మాంగాల దగ్గర పొక్కులు వచ్చినా, ఊపిరి అందకపోయినా, జ్వరం వచ్చినా, పొక్కుల్లో చీము పట్టినా ఈ చర్చను పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మీరు చెప్పిన లక్షణాల్లో ఇవి లేవు గాని, మెడ దాకా వచ్చింది కనుక ముఖాన్ని గమనిస్తూ ఉండాలి.

ఈ మొక్క ఆకులోను, కాడలోను, వేరులోను ఉరుషియాల్ అనే నూనె ఉంటుంది. అది చర్మంలోకి ఇంకి అక్కడి మాంసకృత్తులతో అతుక్కున్నాక, శరీరంలోని రక్షక కణాలైన టి కణాలు వాటిని పరాయివిగా భావించి దాడి చేస్తాయి. దద్దురుగా మనకు కనబడేది ఆ దాడి ఫలితమే. అందువల్ల పొక్కులోని నీరు మన శరీరం ఊరించినదే తప్ప అందులో ఉరుషియాల్ ఉండదు. అది తగిలి పిల్లలకు అంటుకోదు, ఆయన ఒంటి మీదే మరోచోటికి పాకదు. మరి కడుపు మీదికి ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. నూనె ఎక్కువగా పడిన చోట, చర్మం పలుచగా ఉన్న చోట ముందు లేస్తుంది. తక్కువ పడిన చోట ఒకటి రెండు రోజులు ఆలస్యంగా లేస్తుంది. చెమట తుడుచుకున్న చేతితోనే మెడను, బొడ్డు దగ్గర లుంగీ ముడిని తాకి ఉంటారు.

భయపడవలసింది పొక్కుల నీటి గురించి కాదు, ఇంట్లో మిగిలి ఉన్న నూనె గురించి. ఆ రోజు కట్టుకున్న బట్టలు, చెప్పులు, కత్తెర, పార పిడి, తలుపు గొళ్ళెం వీటిలో దేనిమీదైనా ఆ నూనె ఆరకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండగలదు. బట్టలను విడిగా, వేడి నీటిలో, డిటర్జెంటుతో ఉతకండి. పనిముట్లను రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడవండి. గోళ్ళు కత్తిరించి, గోళ్ళ సందులను బ్రష్‌తో తోమించండి. ఆ పని మీరు చేస్తున్నప్పుడు చేతులకు వినైల్ తొడుగులు ఉండాలి. పలుచని రబ్బరు తొడుగుల గుండా ఈ నూనె లోపలికి దిగుతుంది.

ఒక్క విషయం అడగాలి. ఈ నూనె జీవితంలో మొదటిసారి తగిలినవారికి దద్దురు లేవడానికి సాధారణంగా వారం నుంచి మూడు వారాల దాకా పడుతుంది. ఇదివరకే శరీరానికి పరిచయం ఉన్నవారికి మాత్రమే ఒకటి రెండు రోజుల్లో లేస్తుంది. నాన్నగారు ఇంతకుముందు అమెరికా రాలేదన్నారు. ఊళ్ళో మామిడి సొనకు గాని, నల్లజీడికి గాని ఆయనకు ఎప్పుడైనా పొక్కిందేమో కనుక్కోండి.

అట్లాంటా_అమ్మమ్మ:
బాబూ, మీ అమ్మగారు చెప్పిన వేపాకును పూర్తిగా తీసిపారేయకండి. మా ఇళ్ళల్లో ఆటలమ్మ పోసినా, చెమటకాయలు వచ్చినా, ఏ పురుగు కుట్టినా వేపాకు నీళ్ళతోనే స్నానం చేయించేవాళ్ళం. ఇక్కడ మా మనవడికి వేసవి శిబిరంలో ఈ ఆకు తగిలినప్పుడు గంధం అరగదీసి పట్టు వేశాను, ఓట్స్ పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో కలిపి తొట్టిలో కూర్చోబెట్టాను. వాడు హాయిగా నిద్రపోయాడు. కొబ్బరి నూనె రాస్తే చర్మం పొట్టు లేవకుండా ఉంటుంది. కలబంద గుజ్జు కూడా చల్లగా ఉంటుంది. ఆయింట్‌మెంట్లలో ఏం కలుపుతారో మనకు తెలియదు, పెరట్లో పెరిగినది మన కళ్ళముందే ఉంటుంది కదా.

మందులషాపు_షార్లట్:
అమ్మమ్మగారూ, మీ ఓట్స్ స్నానాన్ని నేను రెండు చేతులా సమర్థిస్తాను. మెత్తగా పొడి చేసిన ఓట్స్‌ను ఇక్కడి చర్మవైద్యులు కూడా సిఫారసు చేస్తారు. నీళ్ళు వేడిగా కాక గోరువెచ్చగా ఉండాలన్న మీ మాట కూడా సరైనదే. తడి గుడ్డను చల్లని నీటిలో ముంచి పది, పదిహేను నిమిషాలు కప్పి ఉంచడం, కాలమైన్ లోషన్, వంటసోడాను నీటితో ముద్ద చేసి పూయడం, రసి కారే పొక్కులకు అల్యూమినియం ఎసిటేట్ పొడి కలిపిన నీళ్ళ పట్టీ ఇవన్నీ దురదను తగ్గిస్తాయి, రసిని ఆరబెడతాయి. వీటిలో ఏదీ దద్దురు బతికే కాలాన్ని తగ్గించదు. అది తన రెండు, మూడు వారాలు తీసుకునే పోతుంది. ఏదో ఒక ఆకు రాసి ఇరవై రోజులకు తగ్గినప్పుడు ఘనత ఆ ఆకుకు దక్కుతుంది. ఈ వ్యాధికి ఇన్ని వందల చిట్కాలు పుట్టడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

అయితే పెరట్లో పెరిగిన ప్రతిదీ చర్మానికి మేలు చేస్తుందన్న మాటతో ఏకీభవించలేను. ఈ పాయిజన్ ఐవీ కూడా పెరట్లో పెరిగినదే. చితికిన పొక్కుల మీద నూరిన పచ్చి ఆకు ముద్ద వేస్తే దానిలోని మట్టి, సూక్ష్మజీవులు పుండులోకి చేరతాయి. మధుమేహం ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. పసుపు కొందరి చర్మానికి సరిపడదు. పైగా చర్మం పచ్చబడితే, చుట్టూ ఎరుపు పెరుగుతోందో లేదో చూసి చీము పట్టే సూచనను గుర్తించడం కష్టమవుతుంది. వెల్లుల్లి ముద్ద చర్మాన్ని కాల్చేస్తుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్ళితే వేరే రకం బొబ్బలు లేస్తాయి. ఇక్కడ కొందరు బట్టల బ్లీచి పోస్తారు, అది ఎవరూ చేయకూడని పని. వేపాకు విషయంలో అమ్మగారి మనసు నొప్పించనక్కరలేదు: ఆకులు మరగబెట్టి, వడకట్టి, పూర్తిగా చల్లార్చిన నీటిని శుభ్రమైన గుడ్డతో పొక్కులు చిట్లని చోట అద్దితే నష్టం ఉండదు. మేలు చేసేది ప్రధానంగా ఆ చల్లదనమే.

కొబ్బరి నూనె గురించి వేళను బట్టి చెప్పాలి. మొక్కను తాకిన మొదటి రోజున, ఇంకా కడుక్కోకముందు నూనె రాస్తే ఉరుషియాల్ దానిలో కరిగి మరింత మేర పరుచుకుంటుంది. రాసిన నూనెతో పాటు ఉరుషియాల్‌నూ సబ్బుతో కడిగేస్తే వేరు సంగతి, రాసి వదిలేస్తేనే ముప్పు. పొక్కులు ఎండి, పొట్టు లేచే చివరి దశలో కొబ్బరి నూనె రాసుకోవచ్చు.

ఇక షాపులో చీటీ లేకుండా దొరికే వాటి గురించి. హైడ్రోకార్టిసోన్ 1 శాతం క్రీము చిన్న మచ్చకు కొంత పనికొస్తుంది, ఇంత విస్తారమైన దద్దురుకు చాలదు. బెనడ్రిల్ పూతమందు, బెంజోకైన్ ఉన్న తిమ్మిరి మందులు, నియోమైసిన్ ఉన్న యాంటీబయోటిక్ ఆయింట్‌మెంట్లు రాయకండి. అవే కొందరికి మరో అలర్జీ తెచ్చిపెడతాయి. అలర్జీ మాత్రలు కూడా ఈ దురద మీద పెద్దగా పనిచేయవు, ఎందుకంటే ఇది ఆ మాత్రలు అడ్డుకునే హిస్టమిన్ అనే రసాయనం వల్ల పుట్టిన దురద కాదు. మత్తునిచ్చే రకాలు నిద్రకు సాయపడతాయి గాని, అరవై అయిదు దాటిన పెద్దవారికి వాటివల్ల తూలిపడే ప్రమాదం, మూత్రం బిగబట్టే ప్రమాదం ఉన్నాయి.

కేరీ_పెరడు:
చాలా కృతజ్ఞతలు. నాన్నగారిని అడిగాను. మీరు ఊహించింది నిజమే. చిన్నతనంలో మడమల పగుళ్ళకు మా నాయనమ్మ నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, బొట్టుబొట్టుగా కారే నూనెను పెట్టేదట. ఒకసారి పాదమంతా పొక్కి, వాచి, చాలా రోజులు నడవలేకపోయారట. తరవాత తోటలో కాయలు కోసేటప్పుడు మామిడి సొన పడినా చెంపల మీద పొక్కులు వచ్చేవట. దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయన నమ్మలేకపోతున్నారు.

పలాస_వాసి:
నమ్మవలసిందే. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పిస్తా, ఈ పాయిజన్ ఐవీ అన్నీ ఒకే వృక్ష కుటుంబానివి. జపానులో కొయ్య పాత్రలకు నల్లని మెరుగుపూత ఇచ్చే చెట్టు కూడా ఈ కుటుంబంలోదే. ఆ మెరుగుకు మూలం ఉరుషియాలే.

మా పలాస, కాశీబుగ్గల్లో ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. జీడిగింజ పైపెంకులో ఉండే నూనె చేతికి తగిలితే చర్మం నల్లబడి, కాలినట్టు పొట్టు లేస్తుంది. గింజలను ఉడికించి ఆరబెట్టాక కూడా ఆ నూనె పూర్తిగా పోదు. అందుకే పెంకు కొట్టే ఆడవాళ్ళు పనిలో కూర్చోకముందే చేతులకు ఆముదమో, బూడిదో పట్టిస్తారు. గమనించండి, ముందే రాసుకుంటారు. జీడి నూనె అంటేసరికే చర్మానికి ఒక అడ్డు ఉంటుంది. ఎన్నేళ్ళు ఆ పని చేసినా వేలికొసల మచ్చలు పోని తల్లులు మా ఊళ్ళో ఎందరో ఉన్నారు. మన పాయసంలో తేలే తెల్లని పప్పు వెనక ఆ చేతులు ఉన్నాయని చెప్పే అవకాశం వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

రజకులు బట్టలకు గుర్తులు పెట్టడానికి వాడినది నల్లజీడి రసమే. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు చెరగదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారతదేశంలో ఉన్న అమెరికన్ సైనికులకు మెడ వెనక, నడుము దగ్గర, సరిగ్గా ఆ గుర్తు పడిన చోటే పొక్కులు లేచాయి. 1943లో సైనిక వైద్యులు దీన్ని గురించి వైద్య పత్రికలో రాశారు. వారి దేశపు పాయిజన్ ఐవీ వారి చర్మాన్ని ముందే సిద్ధం చేసి ఉంచితే మన నల్లజీడి పొక్కించింది. మీ నాన్నగారికి జరిగింది దానికి తిరగబడిన వరస.

ఇంకొకటి కూడా ఉంది. 1982లో పెన్సిల్వేనియాలో బేస్‌బాల్ పిల్లల సంఘానికి నిధుల కోసం అమ్మిన జీడిపప్పు పొట్లాలలో పెంకు ముక్కలు కలిసిపోయి, తిన్నవారిలో 54 మందికి పాయిజన్ ఐవీ వంటి దద్దుర్లే వచ్చాయి. ఆ పప్పు మొజాంబిక్ నుంచి వచ్చింది.

డాలస్_ఆవకాయ:
ఈ చర్చ చదివాక నాకు దిగులు పట్టుకుంది. నిరుడు పాయిజన్ ఐవీ తగిలి స్టెరాయిడ్ మాత్రల దాకా వెళ్ళాను. ఏటా మే నెలలో మా స్నేహితురాళ్ళం కలిసి పచ్చిమామిడి ముక్కలు కొట్టి ఆవకాయ పెడతాము. ఇక మామిడిని ముట్టుకోకూడదా? తినకూడదా? అసలు పుట్టినప్పటి నుంచీ మామిడి తిన్న మనకు ఇది రాకుండా ఉండాలి కదా?

మందులషాపు_షార్లట్:
మీ మూడో ప్రశ్న చాలా మంచిది, అక్కడి నుంచే మొదలుపెడతాను. ఇజ్రాయెల్‌లో ఒక వేసవి శిబిరంలో మామిడికాయలు కోసిన అమెరికన్ యువకులకు దద్దుర్లు వచ్చాయి, వారితో పాటు కోసిన స్థానికులకు రాలేదు. 2005లో ఈ సంగతిని ప్రచురించిన వైద్యులు ఇచ్చిన వివరణ ఏమిటంటే, అమెరికన్ల చర్మం పాయిజన్ ఐవీ వల్ల ముందే రెచ్చి ఉంది; స్థానికులు చిన్ననాటి నుంచీ మామిడిని తింటూ పెరగడం వల్ల వారి శరీరం దాన్ని సహించడం నేర్చుకుని ఉండవచ్చు. ఇది మనకు కూడా కొంత వర్తించవచ్చు గాని, దాన్ని కవచంగా భావించకండి. నోటి ద్వారా చిన్నప్పుడు అందినది సహనాన్ని నేర్పవచ్చు, చర్మం మీద గాఢంగా పడినది పగను నేర్పుతుంది. కేరీ వారి నాన్నగారు మామిడి తోటలోనే పెరిగిన మనిషి, అయినా నల్లజీడి ఆయన చర్మానికి నేర్పినదే గెలిచింది.

మామిడిలో ఉరుషియాల్‌కు దగ్గరి బంధువులైన పదార్థాలు సొనలోను, తొక్కలోను, తొడిమ దగ్గర ఎక్కువగా ఉంటాయి. పండిన గుజ్జులో అంతగా ఉండవు. తొక్క తీసి కోసి ఇచ్చిన ముక్కలను పాయిజన్ ఐవీ పడనివారిలో చాలామంది నిశ్చింతగా తినగలరు. పండును చీక్కుని తినడం, తొక్కను పళ్ళతో గీరడం మాత్రం మానండి, మూతి చుట్టూ పొక్కేది అందువల్లే. ఆవకాయ వేరు సంగతి. దానిలోకి తొక్కతో, టెంకతో సహా ముక్కలు పడతాయి. ముక్కలు కొట్టే పని, కడిగి తుడిచే పని స్నేహితురాళ్ళకు అప్పగించి మీరు కారం, ఆవపిండి కలిపే పని తీసుకోండి. తినేటప్పుడు నోటి చుట్టూ దురద మొదలైతే ఆపేసి, చర్మవైద్యులతో మాట్లాడండి. పెదవులు వాచినా, గొంతు బిగిసినా అది వేరే రకం అలర్జీ కావచ్చు, అప్పుడు అత్యవసర నంబరు 911కు ఫోను చేయాలి.

డాలస్_ఆవకాయ:
కారం కలిపే పని ఆనందంగా తీసుకుంటాను. ధన్యవాదాలు.

జెర్సీ_తోట:
మన వాళ్ళు ఇల్లు కొన్న తొలి ఏడాదిలోనే ఎక్కువగా దీని బారిన పడతారు. గుర్తుపట్టడం గురించి కాస్త చెబుతాను. ఒక్కో కాడకు మూడేసి రెబ్బలు ఉంటాయి. నడిమి రెబ్బకు పొడవైన తొడిమ, పక్క రెండింటికి ఉండీ లేనట్టున్న తొడిమ. ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా కాక ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఆ చివరి లక్షణం ముఖ్యం, ఎందుకంటే బాక్స్ ఎల్డర్ అనే చెట్టు మొలకలకూ మూడేసి రెబ్బలే ఉంటాయి, కాని అవి ఎదురెదురుగా ఉంటాయి. అయిదేసి రెబ్బలుంటే అది వర్జీనియా క్రీపర్. పాయిజన్ ఐవీ ఆకు అంచు నున్నగా ఉండవచ్చు, గాట్లు పడి ఉండవచ్చు. వసంతంలో ఎర్రగా నిగనిగలాడుతుంది, వేసవిలో పచ్చబడుతుంది, ఆకురాలు కాలంలో మళ్ళీ ఎంతో అందంగా ఎరుపెక్కుతుంది. ఆ అందానికి ముచ్చటపడి ఆకులు ఏరే పిల్లలను కనిపెట్టి ఉండాలి. కాయలు తెల్లగా, చిన్న గుత్తులుగా ఉంటాయి.

చెట్టు మొదలును పట్టుకుని పాకిన ముదురు తీగకు గోధుమరంగు నూగు వేర్లు దట్టంగా ఉంటాయి. చలికాలంలో ఆకులు లేకపోయినా ఆ తీగలో నూనె ఉంటుంది. ఎండిపోయిన తీగలోనూ ఉంటుంది. కట్టెల కోసం చెట్టు కొట్టేవారు ఈ సంగతి మరిచిపోకూడదు.

కేరీ వారికి ఆసక్తి ఉంటుందని ఒక సంగతి చెబుతున్నాను. మీకు దగ్గరలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు అడవిలోనే, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెంచి చెట్లను పరిశీలించారు. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పాయిజన్ ఐవీ మిగతా మొక్కలకంటే జోరుగా పెరిగింది, దాని ఉరుషియాల్ కూడా మరింత ఘాటైన రకానికి మారింది. కాబట్టి మన పెరళ్ళలో దీని పరిచయం తగ్గేది కాదు.

కేరీ_పెరడు:
ఈ రోజు ఉదయానికి నాన్నగారి ఎడమ కన్ను కింద వాపు వచ్చింది. మీరు చెప్పినట్టే ఆగకుండా దగ్గరలోని ఒక అర్జెంట్ కేర్ క్లినిక్‌కు తీసుకువెళ్ళాము. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. మొదటి రోజు ఆరు, తరవాత రోజుకొకటి తగ్గిస్తూ ఆరు రోజుల్లో అయిపోయే పొట్లం. మధుమేహం సంగతి చెప్పాము, చక్కెర చూసుకుంటూ ఉండమన్నారు. సాయంత్రానికి దురద సగం తగ్గింది కాని చక్కెర 290 చూపిస్తోంది. ఇప్పుడు ఏం చేయాలి?

కొలంబస్_వైద్యుడు:
నేను ఇంటర్నల్ మెడిసిన్ వైద్యుడిని, మీ నాన్నగారిని పరీక్షించలేదు కాబట్టి ఇది సాధారణ సమాచారంగా మాత్రమే తీసుకోండి. స్టెరాయిడ్ మొదలుపెట్టాక చక్కెర పెరగడం ఊహించవలసినదే. ఉదయం వేసుకున్న మాత్ర ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువగా కనబడుతుంది, తెల్లవారేసరికి కొంత దిగుతుంది. కాబట్టి పరగడుపున ఒక్కసారే చూసి సరిపెట్టుకోకుండా రోజుకు మూడు, నాలుగు సార్లు చూసి రాసిపెట్టండి. మాత్రలను తెల్లవారి ఫలహారంతో వేయండి. గుంటూరులో ఆయనను చూసే డాక్టరుగారికి ఈ రోజే ఫోను చేసి, మధుమేహం మందు మోతాదు ఈ కొన్నాళ్ళకు మార్చాలేమో అడగండి, ఆయన వాడుతున్న మందులు వారికే బాగా తెలుసు. చక్కెర 300 దాటి నిలిచినా, దాహం, మూత్రం విపరీతమైనా, మగతగా ఉన్నా తిరిగి చూపించాలి. చక్కెర చూసి భయపడి స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపవద్దు.

రెండో విషయం మరింత ముఖ్యం. ఆరు రోజుల పొట్లం ఈ వ్యాధికి చాలావరకు చాలదు. దద్దురు ఆయుష్షు రెండు, మూడు వారాలు. మందు ఆరో రోజున అయిపోతే, అణిగి ఉన్నది తిరిగి విజృంభిస్తుంది. ముఖానికి వచ్చినా, ఒళ్ళంతా విస్తరించినా మేము సాధారణంగా ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌ను రెండు నుంచి మూడు వారాల పాటు క్రమంగా తగ్గిస్తూ ఇస్తాము. ఆయనకు మధుమేహం ఉంది కాబట్టి బహుశా మోతాదును తక్కువ రోజులకే పరిమితం చేసి ఉండవచ్చు, అది ఆలోచించి తీసుకున్న నిర్ణయమే కావచ్చు. అందుకే పొట్లం అయిపోకముందే, నాలుగో రోజున, చర్మవైద్యుడికో, అదే చోటనో తిరిగి చూపించి, పొడిగించాలా, లేక చేతులకు గాఢమైన స్టెరాయిడ్ పూతతో నెట్టుకురావచ్చా అని అడగండి. ముఖానికి ఆ గాఢమైన పూత రాయకూడదు. వెళ్ళేటప్పుడు చక్కెర లెక్కల కాగితం, మందుల జాబితా వెంట తీసుకువెళ్ళండి. బీమా వారికి కూడా ఇప్పుడే ఫోను చేయండి. ఇది అకస్మాత్తుగా వచ్చిన జబ్బు, పాత జబ్బు కాదు. చీటీ మీద ఆ కారణం స్పష్టంగా రాయించుకోండి.

ఫ్రీమాంట్_నడక:
కాలిఫోర్నియాలో మాకు పాయిజన్ ఓక్ ఉంటుంది. కొండదారుల పక్కన పొదలుగా, నీడలో తీగగా పెరుగుతుంది, నూనె అదే. మేము నడకకు వెళ్ళేటప్పుడు నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకుంటాము. కుక్కను తీసుకువెళ్ళేవారికి ఒక హెచ్చరిక: కుక్కకు దద్దురు రావడం అరుదు, కాని దాని బొచ్చుకు అంటిన నూనె నిమిరిన ప్రతి చేతికీ వస్తుంది. తొడుగులు వేసుకుని కుక్కకు షాంపూతో స్నానం చేయించాకే ఇంట్లోకి రానివ్వాలి.

కేరీ వారూ, నాన్నగారు పీకిన తీగల పోగు ఇంకా పెరట్లోనే ఉందా? ఊళ్ళో అలవాటు కొద్దీ చెత్త తగలబెడతారేమోనని నా భయం. దయచేసి అగ్గి పెట్టనివ్వకండి. ఈ నూనె పొగలోని మసితో కలిసి గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అడవి మంటలార్పే సిబ్బందికి ఇక్కడ దీనివల్ల తీవ్రమైన ఇబ్బందులు వస్తుంటాయి.

హ్యూస్టన్_విద్యార్థి:
రెండు చిన్న ప్రశ్నలు. భరించగలిగినంత వేడినీళ్ళు పోస్తే దురద గంటల తరబడి పోతుందని మా గదిలో స్నేహితుడు అంటున్నాడు. జ్యువెల్‌వీడ్ అనే మొక్క రసం దీనికి విరుగుడని, అది పాయిజన్ ఐవీ పక్కనే మొలుస్తుందని కూడా చెప్పాడు. నిజమేనా?

మందులషాపు_షార్లట్:
వేడినీళ్ళతో ఉపశమనం పొందినవారు చాలామందే చెబుతారు, వారు అబద్ధం చెప్పడం లేదు. కాని వాచిన చర్మానికి వేడి తెలియనంత ఎక్కువ పోస్తారు, కాలుతుంది. చర్మం మరింత పొడిబారి ఎర్రబడుతుంది. మధుమేహంతో స్పర్శ తగ్గిన పెద్దవారికి అసలు వద్దు. జ్యువెల్‌వీడ్‌ను ఇక్కడి మూలవాసులు పూర్వం నుంచీ వాడారు. పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 2012లో వచ్చినదాంట్లో తాజాగా నలిపిన మొక్క గుజ్జు కొంత పనిచేసింది, దానికంటే మామూలు సబ్బు బాగా పనిచేసింది.

సబ్బు గురించి ఇక్కడే చెప్పేస్తాను. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో వైద్య విద్యార్థుల చేతులకు ఉరుషియాల్ రాసి, రెండు గంటల తరవాత మూడు రకాలుగా కడిగించారు. ఈ నూనెను కడగడానికే అమ్మే టెక్నూ 70 శాతం, మెకానిక్కులు చేతులకు వాడే గూప్ సుమారు 62 శాతం, గిన్నెలు తోమే సబ్బు సుమారు 56 శాతం రక్షణ ఇచ్చాయి. వాటి మధ్య తేడా గణాంకాల దృష్టిలో లెక్కించదగినది కాదు. కాబట్టి తాకానని అనుమానం వచ్చిన క్షణంలో ఇంట్లో ఉన్న గిన్నెల సబ్బుతో, పారే చల్లని నీటి కింద, గుడ్డతో రుద్ది రుద్ది కడగండి. మొదటి పది నిమిషాల్లో అయితే మరీ మంచిది, గంట దాటినా మానకండి. తొట్టిలో మునిగితే నూనె నీటి మీద తేలి ఒళ్ళంతా అంటుతుంది.

కేరీ_పెరడు:
పోగు ఇంకా కంచె పక్కనే ఉంది. నాన్నగారు నిజంగానే ఎండాక తగలబెడదామన్నారు, ఫ్రీమాంట్ వారి సందేశం చదివి వినిపించాక ఆ మాట విరమించుకున్నారు. కన్ను వాపు తగ్గింది. గుంటూరు డాక్టరుగారు మందు మోతాదు మార్చారు, ఈ రోజు మధ్యాహ్నం చక్కెర 210. గురువారం చర్మవైద్యుడి దగ్గర సమయం దొరికింది. అమ్మ రోజుకు రెండుసార్లు ఓట్స్ స్నానం చేయిస్తోంది, వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళు అద్దుతోంది. తన చేతి వైద్యం ఉందన్న తృప్తితో నాన్నగారు కూడా గోకడం తగ్గించారు. కంచె మీద ఇంకా సగం తీగ మిగిలే ఉంది. దాన్ని ఎవరు, ఎలా తీయాలి?

జెర్సీ_తోట:
నాన్నగారు తీయకూడదు, ఇకమీదట ఎప్పుడూ. ఒకసారి రెచ్చిన శరీరానికి మరుసటిసారి తక్కువ నూనె కూడా చాలు. మీరు తీయదలిస్తే మందపాటి వినైల్ తొడుగులు, వాటి మీద పారేయదగిన నూలు తొడుగులు, పొడవాటి చేతుల చొక్కా, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపి బూట్లు. లేత మొక్కలను వాన పడిన మరునాడు వేళ్ళతో సహా లాగవచ్చు. మిగిలిన వేరు ముక్క మళ్ళీ మొలుస్తుంది. ముదురు తీగను నేలకు దగ్గరగా కోసి, కోసిన మోడుకు వెంటనే ట్రైక్లోపిర్ లేదా గ్లైఫొసేట్ అనే కలుపు మందును డబ్బా మీద రాసిన మోతాదులో కుంచెతో పూయండి. చెట్టుమీది భాగాన్ని లాగకండి, ఎండిపోయి దానంతట అదే రాలుతుంది. కత్తిరించే యంత్రాన్ని మాత్రం దాని మీద వాడవద్దు, ఆకు తునకలు ముఖాన చిమ్ముతాయి. పోగును మందమైన ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి, మీ పట్టణపు చెత్త విభాగం నియమాన్ని కనుక్కుని ఇవ్వండి. ఆకులతో ఎరువు చేసే గుంటలో వేయవద్దు. పనంతా అయ్యాక తొడుగులు విప్పకముందే పనిముట్లను తుడిచి, ఆ తరవాత తొడుగులను లోపలి వైపు బయటకు వచ్చేలా విప్పి పారేసి, నేరుగా షవరు కిందికి వెళ్ళండి. వరసగా మొక్కలు ఎక్కువగా ఉంటే, ఈ పని చేసే కూలీలు మీ ప్రాంతంలో దొరుకుతారు, ఆ ఖర్చు వృథా కాదు.

కేరీ_పెరడు:
కంచె పొడవునా ఉంది కాబట్టి మనుషులనే పిలుస్తాను. వాళ్ళు వచ్చే వరకు పిల్లలు అటు వెళ్ళకుండా ఆ మేర తాడు కట్టాను. గురువారం చర్మవైద్యులు మందు పొడిగించారా లేదా ఇక్కడే రాస్తాను.